ఈలబండి డాక్టరమ్మ

మా అమ్మ పశువుల డాక్టరు. మా ఇల్లు కొండ కింద, అమ్మ చూడాల్సిన పశువుల్లో సగం కొండ పైన. కిందివాళ్లు తమ పశువును తోలుకుని మా ముందుగదికే వచ్చేవాళ్లు. పై మేతభూముల్లో ఉండేవాళ్ల దగ్గరికి మాత్రం అమ్మే వెళ్లాలి. అందుకే అందరిళ్లలో ఉండే కారు మాకు లేదు. నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే పాత పెట్రోలు బండి ఒకటి ఉండేది. నల్లగా, వెడల్పుగా, తల వంచుకుని నిలబడ్డట్టుండే ఆ బండిని నాన్న దున్నపోతు అనేవాడు.

"దున్నపోతుకి నేను సూది వేస్తే లేచి నడుస్తుంది. దీనికి ఆపాటి బుద్ధి కూడా లేదు" అనేది అమ్మ.

చదునులో అది బాగానే పరిగెత్తేది. కొండ దారి మొదలయ్యాకే దాని బండారం బయటపడేది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలి చాలని ఇంజిను, తిండి చాలని ఎద్దు ఒకటే. మందుల పెట్టె, తాళ్లు, నీళ్ల డబ్బాలు, ఆపైన మేము. ఇంత బరువుతో రాళ్ల మలుపు దాకా వచ్చి, అక్కడ ఒళ్లంతా వణికి, గుడ్లు తేలేసేది. వెంటనే నాన్న దిగి చక్రం వెనక చెక్క దిమ్మ పెట్టేవాడు. ఆయన బళ్లోనూ, ఇంటికొచ్చే పిల్లలకూ వయొలిన్ నేర్పే మాస్టారు. ఇంట్లో కూరగాయల కత్తి కూడా ముట్టుకోకుండా వేళ్లను కాపాడుకునే మనిషి, సెలవు వస్తే చాలు, అమ్మతో కొండెక్కి, బురదలో ఆ వేళ్లనే చక్రం కింద పెట్టేవాడు.

ఒక వానాకాలం పెద్దమ్మ ఆవు ఈనలేక అవస్థ పడుతోందని పైనుంచి కబురొచ్చింది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. పై మేతలో అందరికన్నా పాత మనిషి కాబట్టి ఊరందరికీ ఆవిడ పెద్దమ్మే. ఆ రోజు బండి అడుగడుక్కీ మొండికేసింది. అమ్మ వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆవూ లేదు, దూడా లేదు. పెద్దమ్మ పల్లెత్తు మాట అనలేదు. "నువ్వేం చేస్తావు తల్లీ, దారి అలాంటిది" అని అమ్మకు చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసింది. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేదని అమ్మ తర్వాత చాలాసార్లు అంది.

మర్నాడే అమ్మ మెకానిక్ షెడ్డుకు వెళ్లింది. ఊళ్లో ఆయన్ను వాగుడు మేస్త్రి అనేవాళ్లు, ఆయన ముఖం మీదే. గోడకు స్పానర్లు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా, తలుపు పక్కన ఏదో బస్సులోంచి ఊడదీసిన సీటు. బేరానికొచ్చిన వాళ్లు దాని మీద కూర్చుని ఆయన మాటలు వినాలి, వేరే దారి లేదు. కాలేజీ సెలవులకు ఇంటికొచ్చిన నేను కూడా ఆ సీటు మీద కూర్చున్నాను.

"మేస్త్రీ, దీనికి ఊపిరి కావాలి. ఏం చేద్దాం?" అంది అమ్మ.

"ఊపిరేగా! బయటి గాలిని బలవంతంగా దట్టించి ఇంజిన్లోకి తోసే పంపు ఒకటి పెడదాం. అందులో టర్బో అని ఉంది. అది ఇంజిను వదిలే పొగ జోరుతో తిరుగుతుంది. కానీ ఆ జోరు అందుకునేదాకా పలకదు. పిలిస్తే 'ఆఁ, వస్తున్నా' అని చెప్పులు వెతుక్కునే రకం. సూపర్‌చార్జర్ అలా కాదు. బెల్టుతో ఇంజినుకే కట్టేస్తాం. మీరు కాలు నొక్కారా, అది పలికిందా, అంతే!"

"అయితే అదే పెట్టు."

"ఆగండి డాక్టరమ్మా, అందులో మళ్లీ రెండు రకాలు. ఒకటి, లోపల ఒకే చక్రం గిర్రున తిరిగి గాలిని విసిరేది. క్వారీ ఆయన బండికి నేనే బిగించాను. దాని బలం చెబితే గుండె ఆగుతుంది! రెండోది, తాడు పేనినట్టు రెండు మరలు ఒకదాన్నొకటి అల్లుకుని తిరిగేది. బరువు ఎక్కువ, వేడి ఎక్కువ, చివర్లో వచ్చే అంకె తక్కువ. నా మాట విని మొదటిదే పెట్టించుకోండి."

అమ్మ సూటిగా అడిగింది. "ఆ గుండె ఆగే బలం మనిషి నడిచేంత వేగంలో ఎంత ఉంటుంది?"

వాగుడు మేస్త్రి స్పానరుతో తల గోక్కున్నాడు.

ఇది మాటలతో తేలదని, క్వారీ ఆయన బండినే అడిగి తీసుకుని అందరం రాళ్ల మలుపుకు వెళ్లాం. చదునులో అది నిజంగానే గాలిలో తేలింది. మేస్త్రి వెనక్కి తిరిగి మా ముఖాలు చూస్తూ మురిసిపోయాడు. మలుపు మొదలయ్యాక మాత్రం, పెద్ద రాయి మీదికి నింపాదిగా ఎక్కించబోతే, కుడితిలో పడ్డ ఎలుకలా గింజుకుంది. గట్టిగా తొక్కితే ఒక్కసారిగా ఎగిరి పక్కకు దూకింది. మా తలలు పైకప్పుకు తగిలాయి.

"బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత" అన్నాడు నాన్న తల పట్టుకుంటూ.

"నేనేమీ పందేలకి పోను మేస్త్రీ, ఈనే ఆవు దగ్గరికి పోతాను. నాకు కిందినుంచే బలం కావాలి. ఆ అల్లుకునేదే తెప్పించు" అంది అమ్మ. మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. "అంకె చూసి మోసపోయానమ్మా. పెళ్లిచూపుల్లో కూడా ఇంతే చేశాను" అన్నాడు.

బిగించడం ఒక పట్టాన తెమల్లేదు. బానెట్ మూత పడకపోతే దాని కింద దిమ్మలు పెట్టి ఎత్తాడు. రేడియేటర్ పెద్దది వేశాడు. ప్లగ్గులు మార్చాడు. ఎంత గాలికి ఎంత పెట్రోలు పోవాలో లెక్క సరిచేయడానికి పక్క ఊరినుంచి లాప్‌టాప్‌తో ఒకతన్ని పిలిపించాడు. చివరికి తాళం చెవి అమ్మ చేతిలో పెడుతూ, అత్తారింటికి పంపే కూతురి గురించి చెప్పినట్టు అన్నీ అప్పజెప్పాడు.

"మంచి పెట్రోలే పొయ్యండి, నాసిరకం పడదు దీనికి. బెల్టును పొద్దున్నే ఒకసారి చూడండి. ఎక్కుతున్నప్పుడు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడొస్తే తక్షణం కాలు తియ్యండి. పాత చిన్న బెల్టు సీటు కింద పెట్టాను. ఖర్మ కాలి ఇది మొరాయిస్తే, దీన్ని వదిలేసి మిగతావన్నీ ఆ చిన్న బెల్టు తిప్పుతుంది. ఇల్లు చేరతారు."

మొదటిసారి రాళ్ల మలుపుకు ముగ్గురం వెళ్లాం. అమ్మ కాలు కొద్దిగా నొక్కింది, బండి మెట్లెక్కినట్టు ఒక్కో రాయీ ఎక్కి పైకి వచ్చేసింది. ఒళ్లో చెక్క దిమ్మ పెట్టుకుని సిద్ధంగా కూర్చున్న నాన్న, "నా ఉద్యోగం ఊడిపోయింది" అన్నాడు. అమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టమంటారు. దున్నపోతు దాహం రెట్టింపయింది. లోపల కాళ్ల దగ్గర పొయ్యి వెలిగించినట్టు సెగ. అమ్మ ఆ సెగను కూడా వృథా పోనివ్వలేదు, రొట్టెలు రేకు కాగితంలో చుట్టి బానెట్ కింద ఒక మూల పెట్టేది. పైకి చేరేసరికి పొగలు కక్కేవి, కాస్త పెట్రోలు వాసనతో. అంత రుచిగల రొట్టెలు నేను మళ్లీ తినలేదు.

అన్నిటినీ మించింది దాని ఈల. కాలు నొక్కితే చాలు, సన్నగా మొదలై, ఇంజినుతో పాటు పైపైకి పోయి, వీధి మొత్తం వినబడేది.

"ఇది ఈల కాదే, మొద్దు పిల్లాడు మొదటిరోజు కమాను పట్టుకుని తీగల మీద రుద్దినట్టుంది. నువ్వు బండి తీసినప్పుడల్లా నా పిల్లలందరి శ్రుతీ గంగలో కలుస్తోంది" అనేవాడు నాన్న.

"అయితే ఆవుల్ని మీ పాఠాలయ్యాక ఈనమని చెప్పమంటారా?"

ఇలా కొన్నాళ్లు సాగింది. ఒక రోజు నాన్న పాఠం చెబుతూ కిటికీలోంచి చూశాడు. అమ్మ ఇంజిను వేయకుండా, బ్రేకు మీద కాలుంచి, బండిని వీధి వాలులో మెల్లగా జార్చుకుంటూ పోతోంది. వీధి చివరికి చేరాకే ఈల వినబడింది. అమ్మ రోజూ అలాగే చేస్తోందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. మర్నాడు అమ్మ తాళం చెవి తీయగానే నాన్న పిల్లలతో, "కమాన్లు దించండి. డాక్టరమ్మ వెళ్లాక మొదలుపెడదాం" అన్నాడు. తర్వాత ఆ విషయం మీద ఇంట్లో గొడవ జరగలేదు.

కొండ మీద మాత్రం ఆ ఈలంటే అందరికీ ఇష్టం. కింది మలుపుల్లో వినబడగానే పైవాళ్లు పశువును కట్టేసి, నీళ్లు కాచి, దీపాలు సిద్ధం చేసేవాళ్లు. డాక్టరమ్మ కాస్తా ఈలబండి డాక్టరమ్మ అయింది.

రెండో ఏడు వానల్లో, పెద్దమ్మ కొత్త ఆవుకు నొప్పులొచ్చాయి. మధ్యాహ్నమే అయినా కొండంతా పొగమంచు. మేం ముగ్గురం బయల్దేరాం. సగం దారిలో నాన్న ఉన్నట్టుండి, "ఆపు" అన్నాడు.

"ఏమైందండీ?"

"శ్రుతి దిగింది. నువ్వు ఎంత నొక్కితే అంత పైకి పోవాలి కదా, పోవడం లేదు. మధ్యలో వణుకుతోంది."

"మీ చెవులు పాడుగాను, ఇప్పుడా సంగీతం!"

"నవ్వు, ఏమైనా అను. ముందు ఆపు."

అమ్మ విసుక్కుంటూనే ఆపి బానెట్ ఎత్తింది. బెల్టును బిగించి ఉంచే చిన్న చక్రం ఒరిగిపోయి ఉంది. దాని అంచుకు రాసుకుని బెల్టు పీచులు పీచులుగా లేచింది. నీళ్ల పంపును తిప్పేదీ ఆ బెల్టే. ఇంకో రెండు మలుపులు పోతే అది తెగేది, ఇంజిను ఉడికిపోయేది. అమ్మ నాన్న వైపు ఒక్కసారి చూసింది. నేను టార్చి పట్టుకుంటే, సీటు కింది చిన్న బెల్టు తీసి, వేడికి చేతులు కాలుతున్నా తనే బిగించింది.

బండి కదిలింది, కానీ ఈల లేదు, బలమూ లేదు. తిరగని గాలిపంపు గొంతుకు అడ్డం పడ్డట్టయి, పాత రోజులకన్నా అధ్వానంగా మూలిగింది. నాన్న, నేను దిగి వెనక నడిచాం. చెక్క దిమ్మ ఎప్పుడో పొయ్యిలోకి పోయింది కాబట్టి చేతికందిన రాళ్లే చక్రాల కింద పెట్టాం. నా చెప్పు బురదలో ఉండిపోయింది.

"వాళ్లకి మనం వస్తున్నామని కూడా తెలియదు. ఈ మంచులో కనబడం. ఈల లేదు. రామనుకుని ఏ మొరటు పనో చేస్తారు, ఆవును లాగేస్తారు" అంది అమ్మ కిటికీలోంచి.

నాన్న దారి మధ్యకు పోయి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టి, "ఊఁ... ఈఁఁఁ..." అని ఎత్తుకున్నాడు. సన్నగా మొదలై పైపైకి పోయి, గేరు మార్చినప్పటిలా ఒక్కసారి దిగి, మళ్లీ ఎత్తుకుంది. అచ్చం మా బండే! అమ్మ స్టీరింగు వదిలేసి నోరు తెరుచుకుని చూసింది. నాన్న ఆపలేదు. ముందు ఆయన ఈల వేసుకుంటూ, వెనక దున్నపోతు మూలుగుతూ, దాని వెనక ఒంటి చెప్పుతో నేను.

కాసేపటికి పైనుంచి ఎవరో కేకేశారు. తర్వాత మంచులో ఒక దీపం ఊగింది, పక్కనే ఇంకొకటి. ఇద్దరు మనుషులు తాడుతో దిగివచ్చి బండికి కట్టి లాగారు.

పెద్దమ్మ నీళ్లు కాచి ఉంచింది. దూడ అడ్డం తిరిగి ఉంది. అమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా దాన్ని సరిచేసింది. దూడ బయటపడి, ముక్కు తుడిచాక తుమ్మింది. పెద్దమ్మ అమ్మ తలను తన భుజానికి ఆనించుకుంది. తర్వాత నాన్న వైపు తిరిగి, "బండికి జలుబు చేసిందేమో అనుకున్నాం మాస్టారూ, ఈల బొంగురుగా వినబడితే" అంది. నాన్న నవ్వబోయాడు కానీ గొంతు రాలేదు. వారం పాటు ఆయన పాఠాలన్నీ సైగలతోనే నడిచాయి.

ఆ తర్వాత దున్నపోతు చాలా ఏళ్లు మాతో ఉంది. బెల్టులు మార్చాం, బేరింగులు మార్చాం, ఒకసారి మరలు కూడా విప్పి సరిచేయించాం. ఈలోగా పై మేతకు తారు రోడ్డు పడింది. అక్కడే పశువుల ఆసుపత్రి కట్టి ఒక కుర్ర డాక్టర్ని వేశారు. అమ్మ రిటైరయ్యాక బండి ఊరికే నిలబడి ఉండటం చూడలేక, కొండల్లో చెట్ల మీద పరిశోధన చేసే ఒకమ్మాయికి ఇచ్చేసింది. రాళ్లు మిగిలిన పాత దారిలో తనే పక్కన కూర్చుని ఆ అమ్మాయికి నేర్పింది. నాన్న వెనక సీట్లో.

తిరిగి వస్తుంటే ఆ అమ్మాయి, "ఇంటిదాకా మీరు నడపండి మేడం, చివరిసారి" అందట.

"వద్దమ్మా. నన్ను ఆ వంతెన దగ్గర దించెయ్. మేం నడిచొస్తాం" అందట అమ్మ.

ఇద్దరూ దిగారు. దారిలో వాన పట్టుకుంది. చెట్టు కింద నిలబడకుండా కబుర్లు చెప్పుకుంటూ వచ్చారో ఏమో, గుమ్మంలోకి వచ్చేసరికి నిలువునా తడిసి ముద్దయ్యారు. "ఈ వయసులో ఏమిటమ్మా ఇది" అని నేను కేకలేస్తూ తువ్వాలు తెచ్చేలోపు, వాళ్లు వసారాలో కూర్చుని, ఎవరి కాలికి ఎక్కువ బురద అంటిందో చూసుకుని నవ్వుకుంటున్నారు.