జలుబు తెచ్చుకోకు

ఆ పొద్దున తమ్ముడి బ్యాగు నిండటం, ఖాళీ అవటం అప్పటికే రెండుసార్లు అయింది. అమ్మ సర్దుతుంది, తమ్ముడు వచ్చి సగం బయటికి లాగేస్తాడు, వాడటు తిరగ్గానే అమ్మ మళ్ళీ కుక్కుతుంది. ఓడలో ఇంజన్ గదిలో వాడి పని. మధ్యాహ్నానికల్లా రేవులో ఉండాలి. ఈ గొడవంతా అదే గదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చున్న అక్క చెవిన పడుతూనే ఉంది గానీ బుర్రకెక్కడం లేదు.

అక్కకి అప్పుడు కావలసింది ఒకే ఒక్క మాట. ఇంగ్లీషు సినిమాలకి జపనీస్ సంభాషణలు రాయడం ఆమె పని. ఇన్నేళ్ళూ ఇంకొకరు రాసినవి దిద్దిపెట్టింది. తెర మీద తన పేరు పడబోయే మొదటి సినిమా ఇదే. అంతా అయిపోయింది, ఒక్క వాక్యం తప్ప. రైల్వే స్టేషన్లో భర్తని సాగనంపుతూ ఒక ఇల్లాలు "ఐ విల్ మిస్ యూ" అంటుంది. అక్కడ స్టూడియోలో గొంతు ఇచ్చే నటి మైకు ముందు సిద్ధంగా ఉంది. పన్నెండు లోపల వాక్యం అందకపోతే పని మరొకరికి అప్పగిస్తామన్నారు. అప్పుడు పేరూ ఆ మరొకరిదే.

మిస్ అనేది గడుసు మాట. బస్సు దాటిపోయినా అదే, గురి తప్పినా అదే, మనిషి కోసం మనసు కొట్టుకున్నా అదే. అక్క కంటే ముందు ఈ సినిమా రాయబోయిన ఆయన నిఘంటువుని నమ్ముకుని, గురి తప్పుతుందనే అర్థం వచ్చేలా రాసిపెట్టాడట. అది విని తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మొగుణ్ణి రైలెక్కించడానికొచ్చిందా, కాల్చడానికొచ్చిందా అక్కా ఆవిడ?"

అక్క ముందు "సబిషికు నారు" అని రాసింది, ఒంటరిదాన్నైపోతానని. తర్వాత "ఐతాకు నారు" అని రాసింది, చూడాలనిపిస్తుందని. డబ్బింగ్ దర్శకురాలు, జపాన్ ఆవిడ, రెండూ తిప్పి పంపింది. రాసిందాంట్లో తప్పేమీ లేదట. కానీ ఆ వయసు ఇల్లాలు నలుగురి మధ్య మొగుడి మొహం మీద ఆ మాట అనదట. నోటిదాకా వచ్చినా మింగేసుకుని ఇంకేదో అంటుంది, ఆ ఇంకేదో నాకు కావాలి అంది మెత్తగా.

మాట దొరక్కపోతే ఆ పాత్రలా నిలబడి చూడటం అక్కకి అలవాటు. తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టి రైలెక్కమంది. వాడు తలుపు రెక్క పట్టుకుని ఊగుతూ, రైలు కదులుతోంది, త్వరగా కానీమన్నాడు. అక్క నోట మళ్ళీ ఆ పాత మాటే వచ్చింది.

ఇంతలో అమ్మ ఉన్ని మఫ్లరు పట్టుకుని ఇద్దరి మధ్యకీ దూరింది. ఇందాక వాడు తీసి పారేసిందే అది.

"ఇంజన్ పక్కన ఉడికిపోతుంటానమ్మా, నాకెందుకిది?"

"పైకి రావూ? చెమట మీద గాలి కొడుతుంది. జలుబు తెచ్చుకోకు."

అంది గానీ అమ్మ వాడి వంక చూడలేదు. మఫ్లరు మడతలు సరిచేస్తూనే ఉంది, చక్కగా ఉన్నవాటినే. అక్క ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది. వాడు ఓడెక్కిన ప్రతిసారీ అంతే. సాక్సులు పెట్టుకున్నావా అనేది, నీళ్ళు కాచి తాగమనేది. బెంగ అన్న మాట ఒక్కనాడూ అమ్మ నోట రాలేదు. వాడు గడప దాటాక మాత్రం రెండు రోజులు ఆమెకి అన్నం సయించేది కాదు.

అక్క ఒక్క గెంతులో బల్ల దగ్గరుంది. "కజె హికనైదె నె" అని కంప్యూటర్లో కొట్టింది. జలుబు తెచ్చుకోకేం, అని. వీడియో వెనక్కి తిప్పి, ఆ ఇల్లాలి పెదవులు కదులుతుంటే పైకి చదివింది. అతికినట్టు సరిపోయింది. వెంటనే స్టూడియోకి ఫోన్ చేసి వాక్యం వినిపించింది. కాసేపటికి మైకు ముందున్న నటి ఆ వాక్యం అనడం ఫోన్లోంచి వినబడింది. ఆ వెంటనే దర్శకురాలి గొంతు.

"ఇదే. దీన్నింక ముట్టుకోకండి."

అక్క వెళ్ళి అమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. అమ్మ హడలిపోయి, ఏమైందే, ఎవరికేమైంది అంటూ ఒకటే గాభరా. సినిమాకి నువ్వే మాట రాశావు, డబ్బులు గట్టిగా అడుగు అని తమ్ముడు ఎగదోశాడు. చాల్లే వేళాకోళం, ఆ జిప్పు సంగతి చూడమంది అమ్మ. బ్యాగు మీద అక్కా తమ్ముడూ చెరోపక్కా కూర్చుంటే, అమ్మ జిప్పు లాగింది. వాడు నవ్వుతూనే మెట్లు దిగాడు.

సినిమా ఆ చలికాలంలో విడుదలైంది. అక్క పేరు తెర మీద పడింది. తమ్ముడు జపాన్‌లో ఏదో రేవులో దిగి చూసి ఫోన్ చేశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదనీ, స్టేషన్ సీనులో పక్క సీటు ముసలావిడ ముక్కు చీదుకుందనీ చెప్పాడు. ఇంటికి మార్చిలో రావాల్సింది. ఫిబ్రవరి ఆఖరి వారంలో ఓడ తుఫానులో మునిగింది. తమ్ముడు తిరిగి రాలేదు.