కోతలయ్యాక

“కోతలయ్యాక చూద్దాంలే” అన్నారు మా ఆయన టీ గ్లాసు అందుకుంటూ. ఆయనంటున్నది మిరప కోతల సంగతి. చూడాల్సింది మాత్రం నా రొమ్ములో గడ్డ సంగతి. గుంటూరు డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపి, క్యాన్సరేనని తేల్చింది. గడ్డ చిన్నగా ఉండగానే వచ్చానని మెచ్చుకుంది కూడా. వెంటనే రొమ్ము కోసి తీసేసి, తర్వాత కొన్నాళ్ళు కరెంటు, అంటే రేడియేషన్, పెడితే బతికి బట్టకట్టే అవకాశం బాగా ఉందని, ఆలస్యం చేస్తే తన చేతుల్లో ఉండదని చెప్పింది. ఆ మెప్పు మూటగట్టుకుని ఇంటికొచ్చి కూర్చున్నాను. కూర్చున్నానని మాటవరసకి అంటున్నాను. కాయ కోతకొచ్చినప్పుడు శావల్యాపురంలో ఏ ఆడది కూర్చుంటుంది?

మా ఆయన అమరేశ్వరరావు హైస్కూల్లో సైన్సు మాస్టారు. అప్పటికి మా ఊరు కొత్తగా మండల కేంద్రమైంది, సాయంత్రమైతే ఆ ఆఫీసు వాళ్ళంతా మా అరుగు మీదే ఉండేవారు. నా రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి ఈయన పేపర్లో క్యాన్సర్ అన్న మాట ఎక్కడున్నా వదలకుండా చదివి, వాళ్ళ ముందు కోతలు కోసేవారు. ఈ కోతలకు సీజనుతో పని లేదు. క్యాన్సరంటే ఒక జబ్బు కాదట, వంద జబ్బులకు కలిపి ఒకే పేరట. బయటి నుంచి వచ్చిన పురుగైతే చంపడం తేలికేగానీ, ఇది మన ఒంట్లో పుట్టిన కణమేనట. చెయ్యాల్సిన పని చెయ్యదు, పక్కవాటి తిండి కూడా తనే తింటుంది, ఆగమంటే ఆగదు. ఎటు చూసినా మనదిలాగే ఉంటుంది కాబట్టి మందుకు మంచిదేదో చెడ్డదేదో గుర్తు తెలియక రెండింటినీ చంపుతుందట. దేశదేశాల శాస్త్రవేత్తలు అక్కడే తలలు పట్టుకుని కూర్చున్నారట. ఎంత, ఇంకో ఏడాదో రెండేళ్ళో, ఒక బిళ్ళ వచ్చేస్తుంది, కత్తితో పనుండదు, అందాకా ఆగితే చాలని ముగించేవారు. ఆ జబ్బు ఇంట్లోనే ఉందని మాత్రం అనేవారు కాదు.

లోపల టీ వడపోస్తూ నేనంతా వినేదాన్ని. ఇంట్లో పుట్టి, పని చెయ్యకుండా, అందరి వాటా తిని, చెప్పినమాట వినని దాన్ని గుర్తుపట్టడం అంత కష్టమా? నన్నడిగితే విస్తళ్ళు వేసేటప్పుడే చెప్పేస్తాను. ఆ మాటకి నాకే నవ్వొచ్చి టీ సగం పొయ్యి మీద ఒలికింది.

జబ్బు సంగతి ఊరికి చెప్పింది మా అత్తగారు బుల్లెమ్మ. కోత, కరెంటు అన్న రెండు మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. “మనకి కరెంటు కోతేగాని కరెంటెక్కడిదే? సగంలో పోతే నీ గతేంది?” అని నిలదీశారు. బావి మోటారుకిచ్చినట్టు నాకూ తీగలు తగిలిస్తారని ఆవిడ అనుకున్నారు. చేలో కాయ కోసే ఆడవాళ్ళందరికీ అలాగే చెప్పారు. వాళ్ళు వరసగా వచ్చి నన్ను చూసి, తాకడానికి జంకి, గుమ్మం అవతలే నిలబడి పలకరించి వెళ్ళారు. అన్నాళ్ళ తర్వాత ఆ రోజు కడుపారా నవ్వాను.

కత్తి తగిలితే గడ్డ ఒళ్ళంతా పాకుతుందని అత్తగారు తన పుట్టిల్లు ధరణికోట నుంచి ఆకు మందు తెప్పించారు. దానికి పథ్యం ఉంది. కారం తినకూడదు, చింతపండు ముట్టకూడదు. అందుకని నాకో కూర, వాళ్ళకో కూర. రోగం నాది, మందు నూరేది నేను, పథ్యం వండుకునేది నేను, వాళ్ళ పులుసు కాచేదీ నేనే. నిర్ణయం ఒక్కటే వాళ్ళు చేస్తారు.

భయం లేదని కాదు. స్నానాల గదిలో చెయ్యి గడ్డ మీదకి పోయినప్పుడల్లా గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటికొచ్చేసేదాన్ని. ఆయనకీ భయమే. పేపరు చదువుతున్నంతసేపూ నా వైపు చూడక్కర్లేదు గదా. చెడ్డవాడు కాదు మా ఆయన. అది తెలిసే ఇన్నాళ్ళు ఊరుకున్నాను. కానీ ఆయన భయం తీరేదాకా నేను బతికుండాలి కదా అని ఒకనాడు కాయలకు తొడిమలు తీస్తూ అనుకున్నాను, చేతుల మంటకంటే ఎక్కువ మండింది నాకు.

పక్కింటి జుబేదా జాకెట్లు కుడుతుంది. కోత తర్వాత నా జాకెట్లన్నీ ఒకవైపు వదులైపోతాయని ఆమె దగ్గర బాధపడ్డాను. మిషను ఆపి నా వైపు చూసింది.

“కుట్టేది నేనే గదక్కా. దూది పెట్టి కుడతా, ఎవరికీ తెలవదు. ముందు నువ్వుంటే గదా జాకెట్టు” అంది. ఆస్పత్రికి తోడు నేనొస్తానని కూడా తనే అంది.

మర్నాడు పొద్దున్నే ముతక చీరలు రెండు, తువ్వాలు సంచిలో పెట్టుకుని వరండాలోకి వచ్చాను. జుబేదా రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంది.

“ఏమే, కోతలు సగంలో పెట్టి ఎక్కడికే?” అన్నారు అత్తగారు.

“నా కోతకత్తయ్యా.”

ఆవిడ నా సంచి వైపు చూశారు. అక్కడ కరెంటుందో లేదో ముందు కనుక్కోమని మాత్రం మెల్లగా చెప్పారు. ఆ మాటకి ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆయన పేపరు దించారు. వారమాగితే తనే తీసుకెళ్తానన్నారు, ఆ కొత్త బిళ్ళ సంగతి కనుక్కుంటూ ఎవరికో ఉత్తరం రాశానన్నారు. నేను చెప్పులేసుకుంటుంటే గొంతు తగ్గించి, “మరి వంటో?” అన్నారు.

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. “క్యాన్సరుకి మందు కనిపెట్టేదాకా ఆగుదామన్నారు. అన్నం ఉడికేదాకా ఆగలేరా?” అన్నాను.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఏవో మూతలు తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు. నేను మెట్లు దిగుతుంటే లోపల్నుంచి అరిచారు.

“రత్నం, బియ్యం ఎక్కడుంటయ్యి?”

“వెతకండి,” అన్నాను, “అవైతే దొరుకుతాయి.”