రెండో నొక్కు

నేను ఒక నిమ్మకాయలు పిండే చెక్కను. పిడులున్న రెండు టేకు దవడలు, వాటిని కలిపే ఇత్తడి బందు, ఇంతే నా ఒళ్ళు. కాకినాడలో ఎవరింటికో గడప చెక్కుతుంటే మిగిలిన ముక్కతో నన్ను చేశారు. ఆ గడపలోనే ఉండిపోయుంటే శుక్రవారం శుక్రవారం పసుపూ బొట్టూ దక్కేవి. పులుపు పాలబడ్డాను. నుదుటి రాత!

నన్ను కొన్నది శేషమాంబగారు. మడి కట్టుకుంటే తప్ప ఆవిడ నన్ను ముట్టేది కాదు. కోడలు లలితాంబకు నన్ను అప్పజెప్పేటప్పుడు ఒక్కటే మాట చెప్పింది: "ఒక్కసారి నొక్కి వదిలెయ్యవే. రెండో నొక్కు నొక్కావా, తొక్కలో చేదంతా దిగుతుంది." లలితాంబ ముప్పై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదు.

ఆవిడ భర్త పేర్రాజుగారు నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయనకు తెలియని విద్య లేదు, చేతనైన పనీ లేదు. రెండేళ్ళ కిందట కొడుకు పెళ్ళికి అమలాపురం వెళ్ళినప్పుడు, విడిదిలో నిమ్మరసానికి పనికొస్తానని లలితాంబ నన్నూ మూటలో పెట్టింది. తెల్లారుతూనే పేర్రాజుగారు ఆడపెళ్ళివారి వంటపందిట్లో దూరి, "అలాగా పిండేది? లేవండి!" అని వంటవాళ్ళను లేపి, నన్ను పట్టుకుని రెండొందల కాయలు పిండారు. ఒక్కో కాయనూ రెండుసార్లు, మూడుసార్లు! నా బందు విరిగినంత పనైంది. "చూశారా, చుక్క వదల్లేదు!" అని మీసం దువ్వుకున్నారు కూడానూ.

మధ్యాహ్నం పంక్తిలో పులిహోర నోట పెట్టుకుని ఆయనే గొంతెత్తారు. "ఇది పులిహోరా, ఉగాది పచ్చడా?" పంక్తి పంక్తంతా నవ్వింది. పెళ్ళికూతురి తండ్రి దీక్షితులుగారు నవ్వలేదు. ఆ రోజు నుంచి వియ్యంకుడి గడప తొక్కలేదు. ఇద్దరి మధ్యా నలిగిపోయింది కోడలు ప్రవల్లిక. ఇప్పుడు దానికి ఏడో నెల. సీమంతం అత్తవారింట్లోనే. "నాన్నా, నువ్వు రాకపోతే నాకు గాజులే వద్దు" అని ఫోనులో ఏడ్చింది. సరే, ముందు ఒకసారి వచ్చి మాట్లాడతానని దీక్షితులుగారు కబురు చేశారు.

పేర్రాజుగారి బుర్ర వెంటనే పనిచేసింది, అదే అసలు ప్రమాదం. బావగారికి సాయంత్రంపూట నిమ్మరసం కలిపిన జిన్ను అనే విలాయతీ మందు ఇష్టమని ఎవరో ఆయన చెవినవేశారు. దాంతో ఫోనులో ఒక వీడియో చూసి, పంచదార లేతపాకం పట్టారు. నెయ్యి సీసా కడిగి, అందులో ఐసు వేశారు. నిమ్మకాయలు పిండడానికి ఏమీ దొరక్క, లలితాంబ పేరంటానికి వెళ్ళిన సమయం చూసి, నేనుండే దేవుడి అలమారలోంచి నన్ను ఎత్తుకొచ్చారు. మడి కట్టుకోలేదు సరికదా, లుంగీ కట్టుకుని!

మళ్ళీ అదే పిండుడు. కిర్రున అరిచాను, వింటేగా. రసం, పాకం, జిన్ను సీసాలో పోసి, తలుపులు అదిరేలా ఊపి, గ్లాసుల్లో వంచి సోడా కొట్టారు. కలపడానికి చెంచా కనబడలేదు. నా పిడినే ముంచి తిప్పారు. శేషమాంబగారు ఏ లోకంలో ఉన్నారోగానీ చెంపలేసుకునే ఉంటారు.

దీక్షితులుగారు వచ్చారు, కూర్చున్నారు, గుక్క వేశారు. మొహం ముడుచుకుపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టి, రెండేళ్ళుగా దాచుకున్న మాట తీశారు.

"ఏవండీ బావగారూ, ఇది జిన్నా, ఉగాది పచ్చడా?"

గదిలోంచి ప్రవల్లిక వచ్చి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మళ్ళీ వెక్కిరించడానికే పిలిచారనుకున్నారేమో, దీక్షితులుగారు కండువా భుజాన వేసుకుని లేచారు. "వస్తానమ్మా. సీమంతం మీరే చేసుకోండి." నా మీద ఒట్టు, ఆ పిల్ల కళ్ళు చూస్తే నాకే చీలిపోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడు లలితాంబ పేరంటం నుంచి వచ్చింది. బల్ల మీద జిన్ను సీసా చూసింది. పక్కన నన్ను చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ దీక్షితులుగారి గ్లాసు తీసుకుని వాసన చూసి, చిటికెన వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. అవును, మీరు విన్నది నిజమే.

"కూర్చోండి అన్నయ్యగారూ," అంది. "ఈ చేదు మీకు కొత్త కాదు. ఆ వేళ మీ అమ్మాయి పెళ్ళి పులిహోరకు కాయలు పిండిన చెయ్యీ ఇదే."

"ఏవిటీ?"

"ఈయనే. పందిట్లో దూరి, ఈ చెక్కతోనే. ఇంటి పరువని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. తప్పు నాదీ ఉంది."

పేర్రాజుగారు నావైపు చూశారు. నేనేం చెప్పను, నా దవడల్లో ఇంకా తొక్క ఇరుక్కునే ఉంది. ఆయనకు అప్పుడు తెలిసింది, ఆ పులిహోర చేదు ఎవరిదో. తల దించుకుని, "మీ పందిట్లో మిమ్మల్నే నవ్వులపాలు చేశాను బావగారూ. క్షమించండి," అన్నారు. ఆ గొంతులో అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

దీక్షితులుగారు ఒకసారి గ్లాసుకేసీ, ఒకసారి కూతురికేసీ చూశారు. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట కదిలింది. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. "ఓరి మీ ఇల్లు బంగారం గానూ! ఆ వంటవాణ్ణి రెండేళ్ళుగా తిడుతున్నానండీ!"

లలితాంబ కొత్త కాయలు కోసింది. ఒక్క నొక్కు, వదిలేసింది. ఆ రసంతో కలిపిన జిన్ను తాగి దీక్షితులుగారు తల ఊపి, షరతు పెట్టారు. "సీమంతానికి వస్తాను. పులిహోర మీ చేత్తోనే చెయ్యాలి చెల్లెమ్మా. బావగారు మాత్రం వంటింటి గుమ్మం దాటకూడదు."

నన్ను చింతపండుతో తోమి, పసుపునీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, లలితాంబ మళ్ళీ దేవుడి అలమారలో పెట్టింది. సీమంతం నాడు వంద కాయలు పిండాను. ప్రవల్లిక చేతికి మొదటి గాజు తండ్రే తెచ్చి ఇచ్చారు. పేర్రాజుగారు వీధరుగు మీద బుద్ధిగా కూర్చుని విస్తళ్ళు తుడిచారు. టేకు ముక్కను కదా, ఎంత తోమినా నా పిడికి జిన్ను వాసన ఇంకా కొద్దిగా ఉంది. ఆ పులిహోరే నైవేద్యం పెట్టారు. దేవుడు కిమ్మనలేదు.