వినయ్ కుమార్ ఎక్కుపెట్టిన విల్లు

వినయ్ కుమార్‌కి ఏ సంగతైనా గ్రాఫ్ గీసి చూపిస్తే తప్ప బుర్రకెక్కదు. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఉద్యోగం చేసి చేసి మనిషి అలా తయారయ్యాడు. పెరట్లో బీరపాదుల్ని జింకలు మేసేస్తున్నాయని పోయినేడు వేట లైసెన్సు తీసుకుని, చక్రాలున్న కాంపౌండ్ విల్లొకటి కొన్నాడు. కొట్టిన జింక ఒక్కటీ లేదు గానీ, ఆ విల్లు మీద మాత్రం పీహెచ్‌డీ చేసేశాడు.

లూసీకి జింకల గొడవ పట్టదు. ఆమెకి కావలసింది వినయ్. నలభై దాటాయి, హాస్పిటల్ ల్యాబ్‌లో పని, వినయ్ వెళ్ళే చర్చిలోనే పాటల బృందం, ఇంటికొస్తే తనొక్కతే. తన భార్య పోయిన కొన్నాళ్ళకి వినయే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, "మన గురించి ప్రేయర్‌లో పెట్టానండి" అన్నాడు. పెట్టి రెండేళ్ళయింది. దేవుడు జవాబివ్వలేదో, ఇచ్చినా ఈయనకి వినబడలేదో! మంచు కురిసిన రోజున ఆమె లేచేసరికి కారు శుభ్రంగా తుడిచి ఉండేది. జ్వరమొస్తే గుమ్మం ముందు ఫ్లాస్కులో చారు ఉండేది. ఆ చారు తాగుతూ లూసీ ఏడ్చేది. ఇంత చేసే మనిషి పెళ్ళన్న ఆ ఒక్క మాట అనడేం?

విల్లు నేర్చుకుందాం రమ్మంటే అందుకే తనూ ఒక విల్లు కొనుక్కుని వెళ్ళింది.

ఆ శనివారం విల్లుల షాపువాళ్ళు వినయ్ విల్లుని మెషీన్‌కి బిగించి తాడు లాగారు. తెర మీద గీత పడింది. వినయ్ మొహం వెలిగిపోయింది.

"చూశారా లూసీ గారూ, ఎంత దూరం లాగితే ఎంత బరువు పడుతుందో చెప్పే గీత ఇది. మొదట్లోనే సర్రున సిక్స్‌టీ పౌండ్స్‌కి ఎక్కేస్తుంది. కాసేపు అక్కడే. తర్వాత చక్రాలు తిరిగి ఇదిగో, ఈ లోయలోకి దిగిపోతుంది. పూర్తిగా లాగాక చేతి మీద ట్వెల్వ్ పౌండ్సే. జింక ఇటు తిరిగేదాకా హాయిగా హోల్డ్ చేయొచ్చు."

"మరి నా విల్లు?"

దాన్నీ బిగించారు. గీత నిచ్చెన ఎక్కినట్టు పైకే పోయింది, దిగలేదు.

"మీది మామూలు చెక్క విల్లు కదండి. లాగేకొద్దీ బరువే. చివర్న మరీ బరువు. పట్టుకుని ఆగలేరు."

లూసీకి ఒళ్ళు మండిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం! ఈయన మోసగాడు కాడు, మంచివాడే. కానీ ఎదురుచూడ్డం ఈయనకి బరువు కాదు. తనకి రోజురోజుకీ బరువే. ఇవాళ అడిగేయాలనుకుంది.

షాపు వెనక మైదానంలో వినయ్ బాణం పెట్టి విల్లు లాగి పట్టుకున్నాడు. ఆమె పక్కనే నిలబడింది.

"వినయ్ గారూ, మనం పెళ్ళి చేసుకుంటున్నామా?"

ఆయన గురి చెదరలేదు. "ప్రేయర్‌లోనే ఉందండి. దేవుని చిత్తమైతే..."

"అయితే బాణం వదలకండి. అలాగే దించేయండి."

దించాలంటే ఆ అరవై పౌండ్ల బరువు మళ్ళీ దాటాలి. లోయ అంచు రాగానే విల్లు ఆయన్ని ముందుకు గుంజింది. తూలి, ఎలాగో తమాయించుకున్నాడు.

"వదలడం ఈజీ అండి. దించడమే కష్టం," అన్నాడు భుజం రుద్దుకుంటూ.

"కాదని చెప్పడం కూడా కష్టమేనా?"

ఆయన విల్లు కింద పెట్టాడు. "మీరు రాకపోతే నాకు ఆదివారమే ఉండదు లూసీ గారూ. కానీ మా ఆవిడ తిరిగిన ఇంట్లోకి ఇంకొకర్ని తేలేను. ఇలాగే ఉంటే బావుంటుంది కదా?"

"మీకు బావుంటుంది." ఆమె కారు తాళాలు తీసింది. "నా పేరు మీ ప్రేయర్‌లోంచి తీసేయండి."

కార్లో కూర్చుంది గానీ స్టార్ట్ చేయలేదు. రావాలి, వచ్చి అద్దం మీద తట్టాలి అని ప్రాణమంతా కొట్టుకులాడింది. తడితే చాలు, అన్నీ మర్చిపోయి దిగేసేది. కంచె అవతల ఆయన గేటు వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వెళ్ళి విల్లు తీసుకుని మళ్ళీ లాగాడు.

లూసీ కారు తీసింది. రోడ్డెక్కేదాకా మాత్రం అద్దంలో ఆయన్నే చూస్తూ ఉంది.