రంగు పట్టేలోపు మూడు కార్డులు

జుట్టుకు వేసిన రంగు పట్టడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఖాళీగా కూర్చోవడం మా పిన్ని ఒంటికి పడదు. అందుకే తన బ్యూటీ పార్లర్‌లో టారో కార్డులతో జోస్యం చెప్పడం మొదలుపెట్టింది. అంతా నేర్చుకుందనుకునేరు, ఆమెకు వచ్చింది మూడు కార్డులు వరసగా పరిచే పద్ధతి ఒక్కటే. మొదటిది గడిచింది, రెండోది జరుగుతున్నది, మూడోది రాబోయేది. కార్డుకు పది నిమిషాలు. మూడోది అయ్యేసరికి నేను తల కడగాలి.

ఒకసారి బ్యాంకు మేనేజరమ్మకు మృత్యువు కార్డు పడింది. "అది చావు కాదండీ, మార్పు" అని పిన్ని మొత్తుకుంటున్నా వినకుండా, ఆవిడ తలనిండా రంగుతోనే గుమ్మం దాటేసింది. మళ్లీ రాలేదు. ఆ రోజే పిన్ని మృత్యువు, దయ్యం, కూలే గోపురం కార్డులు ఏరి, సొరుగులో దాచమని నా చేతికిచ్చింది. అప్పటినుంచి మా పార్లర్‌లో ఎవరి భవిష్యత్తూ చెడిపోలేదు.

ఆరేళ్లుగా నాది తలలు కడిగే పనే. కటింగ్ మాత్రం పిన్ని ఇంకెవరినీ చేయనివ్వదు. మొన్న ఊరికి అవతలి కొసన పెద్ద సెలూన్‌లో నాకు కటింగ్ ఉద్యోగం వచ్చింది. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటున్నా, చెప్పడానికి నోరు పెగల్లేదు. వారం నాన్చి చివరికి చెప్పేశాను.

"కార్డులనే అడుగుదాం," అంది పిన్ని మొహం గంటు పెట్టుకుని. "ముందు ఆ టవళ్లు ఆరేసి రా."

ఆరేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను. మొదటి కార్డు దయ్యం. రెండోది కూలే గోపురం. మూడోది మృత్యువు.

"చూశావుగా," అంది పిన్ని. "నా చేతుల్లో ఏముంది."

నాకు ఒళ్లు మండింది. "పిన్నీ, ఈ మూడూ సొరుగులో పెట్టింది నేనే."

పిన్ని కార్డుల మీద లేని దుమ్ము తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"నువ్వెళ్లిపోతే నాకేం తోచదే," అంది. "పొద్దున్నే షట్టరెత్తి ఎవరితో పోట్లాడను?"

నా కోపం నీరుగారిపోయింది. ఉండిపోతానని అనబోయాను కూడా.

"ఎప్పుడు చేరాలి?" అంది.

"సోమవారం."

పిన్ని లేచి, మెడకు గుడ్డ చుట్టుకుని అద్దం ముందు కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా నేనెన్నడూ చూడలేదు.

"అక్కడికెళ్లి నా పరువు తీస్తావేమో చూడాలిగా. కత్తిరించు," అని కళ్లు గట్టిగా మూసుకుంది.