పోయినవాళ్ళ పేరు

గేన్యా పొద్దున్నే తలుపు తట్టకుండా లోపలికి వచ్చేసింది.

"ఏమే హొగ్లా, హైఫాలో నీ పేరుగలది పుట్టింది! మా కోడలు పనిచేసే ఆసుపత్రిలోనే. తల్లి పేరు రెననా అట. మీ అన్న మనవరాలే కదూ?"

"నా పేరా? ఎవరు పెట్టుకుంటారే దాన్ని?"

"అదే నేనూ అన్నాను. ఇంత దేశంలో..." అని నవ్వబోయి గేన్యా ఆగిపోయింది.

ఇద్దరూ పోలండ్ నుంచి వచ్చిన యూదు కుటుంబాల ఆడపిల్లలే. ఆ ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేరే బిడ్డకు పెడతారు. బతికున్న మనిషి పేరు పెట్టడమంటే ఆ మనిషికి గొయ్యి తవ్వినట్టే.

"ఫోన్ చేసి చెప్పు, బతికే ఉన్నానని. నాలుగు చీవాట్లు పెట్టు," అంది గేన్యా మెల్లగా.

హొగ్లా టీ గ్లాసు కడుగుతూ ఉండిపోయింది. చెయ్యి వణకడం మొదలయ్యాక కొత్త సంవత్సరానికి అన్న కుటుంబానికి కార్డులు రాయడం మానేసింది. ఎందుకు రాలేదని అటునుంచి ఎవరూ అడగలేదు. కార్డు రాకపోతే మనిషి లేనట్టే అనుకున్నారు కాబోలు.

హొగ్లా అంటే కౌజుపిట్ట. యూదుల పవిత్ర గ్రంథంలో ఐదుగురు అక్కచెల్లెళ్ళలో ఒకతె పేరది. వాళ్ళలో నోవా పేరు ఇప్పుడు వీధికి నలుగురికి ఉంది. హొగ్లా పేరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఈ హొగ్లా పెళ్ళి చేసుకోకుండా, కిబుట్జ్ అనే ఉమ్మడి సేద్యపు ఊళ్ళో పిల్లల ఇంట్లో అందరి పిల్లల్నీ పెంచుతుంటే, పాలశాల మగవాళ్ళు "పరాయి గుడ్లు పొదిగే పిట్ట" అని ఏడిపించేవారు. ఆ పిల్లలూ పెద్దవాళ్ళై ఎటో వెళ్ళిపోయారు.

పాప పుట్టిన వేడుక నాడు ఆమె హైఫా బస్సెక్కింది. బతికే ఉన్నానని చెప్పేయాలనే బయలుదేరింది.

తోటలో బల్లల మీద కేకులు, ఆలివ్ కాయలు, ఉప్పు చేప. ఒళ్ళో పాపతో రెననా కూర్చుని ఉంది. చిన్నప్పుడు ఒకే ఒక్క వేసవి చూసిన మనిషిని గుర్తుపట్టలేదు.

"హొగ్లా ఉండే ఊరి నుంచి వచ్చాను. వాళ్ళ పక్కింటిదాన్ని," అంది హొగ్లా. చెప్పాలనుకున్నది అది కాదు.

"అయ్యో, అంత దూరం నుంచా! కూర్చోండి. అమ్మ పోయిన ఏడు వేసవికి నన్ను ఆవిడ దగ్గర ఉంచారండీ. సాయంత్రం కొండ దగ్గర రాళ్ళల్లో కౌజుపిట్టను చూపించేది. 'కదలకు, అది మనల్ని చూడనట్టు నటిస్తోంది' అనేది. ఆడపిల్ల పుడితే ఆ పేరేనని అప్పుడే అనుకున్నాను."

పక్కనే నిలబడ్డ అత్తగారు అందుకుంది. "నేను ముందు ఒప్పుకోలేదండీ. బతికున్నవాళ్ళ పేరైతే ఇద్దరిలో ఒకరికి ముప్పు. ముసలావిడ కాలం చేసిందని ఇది చెప్పాకే సరేనన్నాను. పైగా అదేం పేరో, నోరు తిరగదు!"

"మీకు తిరగకపోతే నాకేం, అత్తయ్యా! పాపకు తిరుగుతుందిలే," అని రెననా పాపను హొగ్లా చేతికిచ్చింది.

వణికే చేతుల్లో పాప కదలకుండా పడుకుంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఈ అత్తగారు సాయంత్రంలోగా పేరు మార్పిస్తుంది. పాప మరో నోవా అవుతుంది.

"చివర్లో బాధపడిందా?" రెననా అడిగింది.

"లేదమ్మా. ఎవరికీ తెలియనే లేదు."

"పాపను తెచ్చి ఆవిడ సమాధి మీద ఆనవాయితీగా ఓ రాయి పెట్టాలని ఉంది. చూపిస్తారా?"

హొగ్లా పాప ముఖం నుంచి చూపు తిప్పుకోలేదు. "ఎండలు ముదరకముందు రా. పిట్టలు పిల్లల్ని వెంటేసుకుని కొండ దిగుతాయి. ముందు అవి చూపిస్తాను."

"తప్పకుండా వస్తాం. మీ పేరేమిటండీ?"

"గేన్యా."

రెననా తలూపింది. పేరు చెప్పాక ఎవరైనా "ఏమిటీ?" అని మళ్ళీ అడగకపోవడం హొగ్లాకిదే మొదటిసారి.

పాపను తిరిగిచ్చి గేటు దాకా వచ్చింది. వెనక నుంచి ఆడగొంతు పిలిచింది. "హొగ్లా! ఓ హొగ్లా!"

అలవాటు చొప్పున కాళ్ళు ఆగాయి. ఇంతలో పాప ఏడుపు వినిపించింది. ఆమె వెనక్కి తిరక్కుండా గేటు తీసుకుని బయటికి నడిచింది.