రెండు చేతుల ముడి

ఆఖరి పందెం రోజు ఉదయం ఏడో నంబరు పడవను కట్టిన ముడి చూడగానే పడవల షెడ్డులో తాళ్ల పని చేసే తాళ్ళాయనకి తెలిసిపోయింది: నిన్న సాయంత్రం తను వెళ్లిపోయాక ఎవరో ఈ పడవ మీద చెయ్యి వేశారు.

అప్పటికి ఆరు పడవలు చూసి వచ్చాడు. రోజూ ఆరున్నరకి జెట్టీ ఆ చివర మొదలుపెట్టి ఈ చివరకి వస్తాడు. ఒంగి ముడిని బొటనవేలితో నొక్కుతాడు, తాడు ఒకసారి లాగుతాడు, మోకాళ్లు పట్టుకుని లేస్తాడు. ఇరవై నాలుగేళ్లుగా ఇదే వరస. ఏడో నంబరు దగ్గర మాత్రం లేవలేదు. అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు.

ఏడో నంబరు ముగ్గురి పడవ. చుక్కాని పట్టేది కెప్టెనమ్మ. నడుము కింద స్పర్శ లేదు, క్రేన్‌తో ఎత్తి సీట్లో కూర్చోబెట్టాలి. ముందు తెరచాప మాస్టారిది. పుట్టుకతో చూపు లేదు, గాలి ఎటు తిరిగిందో అందరికన్నా ముందు ఆయన మెడకే తెలుస్తుంది. పెద్ద తెరచాప డ్రైవరుది. నాలుగేళ్ల కిందట బస్సు బోల్తాపడి కుడి చెయ్యి భుజం దగ్గర నరాలు దెబ్బతిన్నాయి, అప్పట్నించి ఆ చెయ్యి చొక్కాలో వేలాడుతూనే ఉంది. నిన్నటికి వాళ్లే మొదటి స్థానంలో ఉన్నారు. ఇవాళ నాలుగో స్థానంలో ముగించినా చాలు, కప్పు వాళ్లది, బయటి దేశాల పోటీకి టిక్కెట్టు వాళ్లది.

పడవను జెట్టీకి కట్టే పని డ్రైవరుదే. ఇనప కడియం నేల మట్టానికి ఉంటుంది, వీల్‌చైర్లోంచి కెప్టెనమ్మకి అందదు. మాస్టారిని ఆయన భార్య నాలుగింటికే తీసుకువెళ్లిపోయింది. నిన్న డ్రైవరు కట్టిన ముడి తాళ్ళాయన కళ్లారా చూశాడు. ఒంటిచేతి ముడి. ఇది అది కాదు. రెండు కొసలూ రెండు వైపుల నుంచి లాగి బిగించిన ముడి.

అతను ముందు పడవలోకి దిగాడు. అడుగున నీళ్లు తీసే బిరడా చూశాడు, ఉంది. చుక్కాని మేకులు కదిపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. తెరచాప తాళ్లన్నీ కొస నుంచి కొస దాకా వేళ్ల మధ్య జారనిచ్చాడు. కత్తి పడితే ఒక్క పోగు తెగినా అతని వేళ్లకి తెలుస్తుంది. ఆ వేళ్లు మామూలు వేళ్లు కావు. అరచేతుల్లో తాడు ఒరిసిన చోటల్లా చర్మం తోలుచెప్పులా గట్టిపడి, గీతలు చెరిగిపోయి, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు ఎవడైనా ఉంటే దండం పెట్టి వెళ్లిపోయేలా ఉంటాయి.

ఎక్కడా ఏమీ కాలేదు. పడవకి హాని చెయ్యకుండా ముడి మాత్రం మార్చి వెళ్లే శత్రువు ఎవడు?

మళ్లీ జెట్టీ మీదకి వచ్చి ముడి ముందు కూర్చున్నాడు. ఈసారి నింపాదిగా చూశాడు. కడియం చుట్టూ తాడు మూడు చుట్లు తిరిగింది. అందరూ రెండు చుట్లు వేస్తారు. మూడోది వేసేవాడు ఒక్కడే. "బస్సుకి హ్యాండ్‌బ్రేకు వేశాక కూడా చక్రాల కింద రాయి పెట్టేవాణ్ణి బాబాయ్, అలవాటు పోదు" అనేవాడు.

తాళ్ళాయన ఆ మూడో చుట్టు మీద వేలు పెట్టాడు. డ్రైవరే. రెండు చేతులతో.

ఆ చెయ్యి వస్తే పండగే. కానీ ఈ వికలాంగుల పోటీ రూలు పండగ చూడదు. ఒక్కొక్కరి ఒంట్లో ఉన్న శక్తిని డాక్టరమ్మ పరీక్షచేసి అంకె వేస్తుంది. శక్తి ఎంత ఎక్కువుంటే అంకె అంత పెద్దది. ముగ్గురి అంకెలూ కలిపి పద్నాలుగు దాటితే ఆ పడవ పందెంలో లేనట్టే. ఏడో నంబరు మొత్తం సరిగ్గా పద్నాలుగు. డ్రైవరు చేతిలో రెండు వేళ్లు కదిలితే పదిహేను.

ఈ సంగతి ఇప్పటికి ఇద్దరికే తెలుసు. డ్రైవరుకి, ఈ తాడు చదవగలిగిన తనకి.

ఎన్నడూ అబద్ధం కట్టని చేతులు తాళ్ళాయనవి. బరువులు మోసే కూలీగా ఈ షెడ్డుకి వచ్చాడు, తాళ్లు పట్టుబడి ఇక్కడే ఉండిపోయాడు. ఆఫీసు గోడ మీద కప్పులు పట్టుకున్నవాళ్ల ఫొటోలు ముప్ఫై దాకా ఉన్నాయి. ఒక ఫొటో అంచున అతని మోచెయ్యి పడింది. ఓసారి ఇంటావిడని తీసుకొచ్చి ఆ మోచెయ్యి చూపించాడు. "ముఖం కూడా పడుంటే కప్పు పగిలేదేమో" అంది ఆవిడ, ఇంటికి వెళ్లేదాకా నవ్వింది. అతనికి మాత్రం ఆ మోచెయ్యి చాలు. ఆ ఫొటోలో పడవ ఊడకుండా నిలబెట్టింది తన ముడే.

డ్రైవరుకి ఒంటిచేత్తో కట్టడం నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది. తాళ్ళాయన తన కుడిచెయ్యి తువ్వాలుతో నడుముకి కట్టేసుకుని, ముందు తను నేర్చుకుని, తర్వాత నేర్పాడు. కొస పంటితో పట్టుకోవాలి, మెడ వెనక్కి విరవాలి, మెలి వేళ్లతో తోయాలి. మొదటిసారి ముడి నిలబడిన రోజు డ్రైవరు ఆ తాడు కోసి ఇంటికి పట్టుకెళ్లిపోయాడు.

తాళ్ళాయన అటూ ఇటూ చూశాడు. జెట్టీ మీద ఎవరూ లేరు. ముడి విప్పాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో, మూడు చుట్లతో, అచ్చం డ్రైవరు కట్టినట్టే కట్టాడు.

ఎనిమిదింటికి ముగ్గురూ వచ్చారు. కెప్టెనమ్మ వీల్‌చైర్ జోరు చూస్తే గాలి బాగుందని తెలుస్తోంది. డ్రైవరు వెనక నడుస్తున్నాడు. ఎప్పుడూ వేలాడే కుడిచెయ్యి ఇవాళ జాకెట్ జేబులో ఉంది.

మాస్టారు అలవాటు ప్రకారం కర్ర పక్కన పెట్టి కూర్చుని తాడు తడిమాడు. వేళ్లు ముడి మీద ఆగాయి. కొస పట్టుకుని చివరి దాకా తడిమాడు. మళ్లీ తడిమాడు.

"డ్రైవరూ, నిన్న పళ్లు ఇంట్లో మర్చిపోయావా?"

"ఏం మాస్టారూ?"

"కొస మీద కొత్త పంటి గాటు లేదయ్యా. నీ తాడంటే ఎలక కొరికినట్టుంటుంది కదా. ఇదెవరు కట్టారు?"

తాళ్ళాయనకి ముందు పళ్లు రెండూ లేవు. పక్క పళ్లతో పట్టుకుని లాగాడు, గాటు పడలేదు. అంతా ఆలోచించాడు గానీ ఇది ఆలోచించలేదు.

"నేనే కట్టా మాస్టారూ," అన్నాడు. "గాలికి వదులైంది."

"వాడి ముడి వదులైందా! అన్నా, నువ్వేనా మాట్లాడేది?" అంది కెప్టెనమ్మ.

డ్రైవరు వచ్చి ముడి వంక చూశాడు. తర్వాత తాళ్ళాయన ముఖంలోకి చూశాడు. రెండు నిమిషాలు పట్టలేదు, అంతా అర్థమైంది.

"నా ముడి నాకన్నా నువ్వే బాగా వేశావు బాబాయ్," అన్నాడు. "నా కోసం నువ్వు దొంగపని చెయ్యకు. నీకు చేతకావడం లేదు."

జేబులోంచి చెయ్యి తీశాడు. సన్నగా, పాలిపోయి, ఎండ ఎరగని చెయ్యి. బొటనవేలు లోపలికి వంగింది, చూపుడువేలు దాని వైపు నెమ్మదిగా వచ్చింది, పక్క వేలు వణుకుతూ దాన్ని అనుసరించింది.

"కెప్టెనమ్మా, ఇవాళొక్క రోజు ఇది జేబులోనే ఉండాలంటే ఉంచుతాను. ఎవరికీ తెలీదు. రెండేళ్లు పడ్డ కష్టం మనది. నువ్వు చెప్పు."

ఆమె తన వేలు అతని అరచేతిలో పెట్టింది. "నొక్కు."

నొక్కాడు.

"ఇంకా గట్టిగా. ఏంటా మొహమాటం!"

అతని నుదుటి మీద చెమట పట్టింది. ఆమె తన వేలి కొస తెల్లబడటం చూసింది. దూరంగా మిగతా పడవలు ఒక్కొక్కటే తెరచాపలెత్తుతున్నాయి. అటు ఒకసారి చూసి, ముఖం తుడుచుకుంది.

"మాస్టారూ, మీరేమంటారు?"

"వాడి చెయ్యి ఇటివ్వమ్మా, ముందు నన్ను చూడనీ," అన్నాడు మాస్టారు. రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్క వేలూ తడిమాడు. "అంటే రెండేళ్లుగా నాకు కరచాలనం బాకీ అన్నమాట," అన్నాడు, ఆ చెయ్యి ఇంకా వదలకుండా.

"ఓడిపోవడానికి ఎన్నెన్నో కారణాలు చూశాను," అంది కెప్టెనమ్మ. "తెరచాప చిరిగి ఓడాం. గాలి ఆగి ఓడాం. మాస్టారు తుమ్మి ఓడాం. ఇంత మంచి కారణం మాత్రం ఇదే మొదటిసారి. పో, చెప్పు. తలెత్తుకుని చెప్పు."

డ్రైవరు ఆఫీసు వైపు నడిచాడు. చెయ్యి జేబులో లేదు. తాళ్ళాయన రెండడుగులు వెనక నడిచాడు. ఎప్పుడూ ఒంగి నడిచే మనిషి ఇవాళ ఎందుకో నిటారుగా ఉన్నాడు. దారిలో ఆరు పడవల వాళ్లు పలకరించినా ఆగలేదు. ఇన్నాళ్లూ తను నేర్పిన ముడి ఇక ఆ కుర్రాడికి అక్కర్లేదు. ఆ మాట తలచుకుంటే ఛాతీ పొంగుతోంది.

కిటికీ వెనక డాక్టరమ్మ పేర్ల కాగితం మీద టిక్కులు పెడుతోంది. చుట్టూ నాలుగు జట్ల వాళ్లున్నారు. విషయం వినగానే ఆమె కలం ఆగిపోయింది.

"మీ మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదమ్మా," అన్నాడు డ్రైవరు. చెయ్యెత్తి కిటికీ అరుగు మీద, అందరికీ కనిపించేలా పెట్టాడు. "నా మీద నేనే చేసుకుంటున్నాను. నిన్న సాయంత్రం గాలి లేచింది. పడవ గోడకి కొట్టుకుంటుంటే పరిగెత్తాను. మళ్లీ కడుతుంటే తాడు జారింది, పట్టుకున్నాను. ముడి బిగించాక చూసుకుంటే రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తర్వాత మా అంకె గుర్తొచ్చింది, జేబులో దాచేశాను. దాచింది నేనే. మా కెప్టెన్‌కి గానీ, మాస్టారికి గానీ, మా తాళ్ళ బాబాయ్‌కి గానీ ఇందులో ఏ పాపమూ లేదు. నిన్నటి దాకా ఆడినవన్నీ ఒంటిచేత్తోనే ఆడాను, అవి మావే. ఇవాళ్టిది మాది కాదు, రాసుకోండి. కుడి చెయ్యి, మూడు వేళ్లు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండమ్మా, ఈ చేత్తోనే పెడతాను. కాస్త టైం పడుతుంది, వెనకున్నవాళ్లు ఏమీ అనుకోవద్దు."